గొంగడికి తలంటు

గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరినట్టు అని సామెత. తెలివితక్కువ పనిని వెక్కిరించడానికి వాడే మాటే కానీ, దాన్ని పుట్టించినవాళ్లకు పదార్థ విజ్ఞానం బాగానే తెలిసినట్టుంది. గొంగడికి వెంట్రుకలు అంటుకుని ఉండవు. గొంగడి అంటేనే వెంట్రుకలు. గొర్రె ఒంటిమీది బొచ్చు, మనిషి నెత్తిమీది జుట్టు, మన గోళ్లు, ఎద్దు కొమ్ము, గుర్రం డెక్క అన్నీ కెరాటిన్ అనే ప్రొటీన్ కుటుంబానికి చెందినవే. అంచునుంచి ఒక పోగు పీకి అగ్గిపుల్లకు చూపిస్తే ఆ సంగతి ముక్కుకే తెలిసిపోతుంది: జుట్టు కాలిన కమురు వాసన. ఉన్నిలో వందకు మూడు నాలుగు పాళ్లుండే గంధకం చలవ అది.

ఇంట్లో కంబళి ఉతకడంలో జరిగే పొరపాట్లలో చాలావరకు ఈ ఒక్క సంగతిని మరిచిపోవడం వల్ల జరిగేవే. దాన్ని బట్టగా చూసి ఉతుకుతారు. అది జుట్టు. దానికి కావలసింది ఉతుకు కాదు, తలంటు.

హైదరాబాద్‌కు ఉత్తరాన అల్వాల్, మచ్చబొల్లారం, బొల్లారం, శామీర్‌పేట వైపు ఇళ్లలో కంబళి అలంకారం కాదు. నగరం నడిబొడ్డు కంటే ఈ ఉత్తరపు అంచున, చెరువులూ ఖాళీ జాగాలూ ఇంకా కొంత మిగిలినచోట, చలి ఒక పాలు ఎక్కువే. డిసెంబరు, జనవరి నెలల్లో చలి ముదిరిన రాత్రుల్లో ఉష్ణోగ్రత 10 డిగ్రీల దరిదాపులకు దిగుతుంది. హైదరాబాద్ రికార్డుల్లో అతి చల్లని రాత్రి 1946 జనవరిలో వచ్చింది, 6.1 డిగ్రీలు. అందుకే ఈ పక్క ట్రంకు పెట్టెల్లో రకరకాల కంబళ్లు కనబడతాయి. ఊరినుంచి తాత తెచ్చుకున్న నల్ల గొంగడి ఒకటి. కంటోన్మెంటు పక్కనే ఉంది గనక ఏ పింఛనుదారు ఇంట్లోనో గరుకు మిలిటరీ కంబళి మరొకటి. పాత స్వెటర్లను చీల్చి, దూది ఏకినట్టు ఏకి, మళ్లీ వడికి పానిపట్‌లో నేసే చవక రగ్గులు ఇంకొన్ని. వీటన్నిటిమీదా దొంతరగా, పులుల బొమ్మలూ గులాబీ పూలూ ఉన్న మెత్తటి ‘మింక్’ రగ్గులు.

ఈ చివరి రకంలో ఉన్ని వెంట్రుక ఒక్కటి కూడా ఉండదు. అది పాలిస్టరో యాక్రిలిక్కో. అనుమానం వస్తే మళ్లీ అగ్గిపుల్లే దిక్కు. ఉన్ని నిదానంగా కాలి, మంట తీయగానే ఆరిపోయి, నలిపితే పొడయ్యే బూడిదను మిగులుస్తుంది. యాక్రిలిక్ కరిగి నల్లటి గట్టి పూస కడుతుంది. పూస కడితే ఇక్కడి హెచ్చరికలేవీ దానికి వర్తించవు, మెషిన్‌లో వేసి తిప్పుకోవచ్చు.

తెలుగు నేలమీద బట్టలుతికే విద్య నూలును చూసి పెరిగిన విద్య. చాకిరేవులో చౌడు కలిపి తడిపి, బానల్లో ఆవిరికి ఉడకబెట్టి, బండకేసి బాది, ఎర్రటి ఎండలో ఆరేసే పద్ధతికి నూలు చక్కగా తట్టుకుంటుంది. నూలు అంటే సెల్యులోజ్, చెట్టునుంచి వచ్చిన పదార్థం. దానికి క్షారమంటే భయం లేదు. చౌడు, చాకలి సోడా, బట్టల సబ్బు అన్నీ క్షారాలే. ప్రొటీన్ సంగతి వేరు. ఉన్నిలో ప్రొటీన్ గొలుసులను పక్కపక్కన పట్టి ఉంచేవి గంధకపు బంధాలు; క్షారం తగలగానే ముందు తెగేవి అవే, ఆ తర్వాత గొలుసులే ముక్కలవుతాయి. కాలేజీ ప్రయోగశాలల్లో దీన్ని చూపించే తేలిక పద్ధతి ఒకటుంది: నూటికి 5 పాళ్లు కాస్టిక్ సోడా కలిపిన నీళ్లను మరిగించి అందులో ఉన్ని దారం, నూలు దారం రెండూ వేస్తారు. కొద్ది నిమిషాల్లో ఉన్ని కరిగి మాయమవుతుంది. నూలు అలాగే ఉంటుంది. ఇంట్లో సోడా నీళ్లు అంత ఘోరం చేయవు కానీ చేసేది ఆ పనే, కాస్త మెల్లగా. నాలుగు ఉతుకులయ్యాక కంబళి పసుపు తిరిగి, పెళుసెక్కి, రాలిపోతుంటే అది నేసినవాడి తప్పు కాదు.

దానికంటే ముందే కొంప ముంచేది మరొకటుంది. కంబళి కుంచించుకుపోవడం.

దీన్ని అర్థం చేసుకోవడానికి పరికరాలేవీ అక్కర్లేదు, పొడవాటి తలవెంట్రుక ఒకటి చాలు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దాన్ని పొడవునా పెట్టుకుని, వేళ్లను ముందుకూ వెనక్కూ రుద్దాలి. వెంట్రుక అటూ ఇటూ సమానంగా కదలదు. ఎంత రుద్దినా ఒకే దిక్కుకు, కుదురు వైపుకే జరుగుతూ పోతుంది. దానిమీద కంటికి కనబడనంత సన్నటి పొలుసులు ఇంటి పెంకుల్లా ఒకదానిమీదొకటి పేర్చి, కొనవైపు తెరుచుకుని ఉండడమే కారణం. కొనవైపు జరగబోతే పొలుసుల అంచులు పట్టేస్తాయి. కుదురు వైపు జారనిస్తాయి.

ఇప్పుడు కంబళిలో లక్షలాది పోగులు చిందరవందరగా, ఒకటి అటు తిరిగి ఒకటి ఇటు తిరిగి ఉన్నాయనుకుందాం. నీళ్లు తగిలితే పోగు ఉబ్బి మెత్తబడుతుంది. వేడి తగిలితే ఇంకా సాగే గుణం వస్తుంది. దానికితోడు రుద్దుడు. ప్రతి రుద్దుకూ ప్రతి పోగూ తన కుదురు దిక్కుకు ఒక అడుగు వేస్తుంది, వెనక్కి రాలేదు. పొరుగు పోగులను చుట్టుకుని ముడిపడిపోతుంది. రెండు మంచాల కంబళి ఉయ్యాలలోని బిడ్డకు సరిపోయేంత అవుతుంది. మందంగా, అట్టలా తయారవుతుంది. దాన్ని మళ్లీ సాగదీసే మందు ఏదీ లేదు. తడి, వేడి, రాపిడి మూడూ కలిస్తేనే ఇంత నష్టం, అందులోనూ రాపిడిది పెద్ద వాటా. చల్లటి నీళ్లలో కదపకుండా నానబెట్టిన కంబళి అట్ట కట్టదు.

ఇంగ్లండులో విట్నీ అనే ఊరు ఇదే గుణాన్ని నమ్ముకుని మూడు వందల ఏళ్లకు పైగా కంబళ్ల వ్యాపారం చేసింది. అక్కడ నేసిన గుడ్డను కావాలనే తడిపి, దంపుడు మిల్లుల్లో కొట్టి కుదించేవారు. గాలి చొరని దళసరి వచ్చాక చెక్క చట్రాల కొక్కేలకు బిగించి ఆరుబయట ఆరబెట్టేవారు. మిల్లులో చేస్తే అది పనితనం, ఇంటి బాత్‌రూములో జరిగితే ఏడుపు.

తెలంగాణ గొంగడి దారి వేరు. కురుమలు పెంచే దక్కనీ నల్ల గొర్రెల బొచ్చు సన్నదీ కాదు, మెత్తదీ కాదు. స్వెటర్లకు పనికొచ్చే మెరినో ఉన్ని పోగు మందం 24 మైక్రాన్ల లోపుంటుంది; దక్కనీ పోగు 30 మైక్రాన్లు దాటుతుంది. చాలా పోగుల్లో మధ్యన బోలుగా కూడా ఉంటుంది. ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు. అంతకుముందు మందను చెరువులో దింపి కడుగుతారు. అంటే గొంగడికి మొదటి స్నానం అది ఇంకా గొర్రె ఒంటిమీద ఉండగానే అయిపోతుంది. ఒక్కో గొర్రెకు ఏడాది మొత్తానికి కిలో ఉన్ని కూడా రాదు. ఆడవాళ్లు రాట్నం మీద వడికిన దారాన్ని పడుగు తీసి, దానికి చింతగింజల గంజి పట్టిస్తారు. వేయించి, పొట్టు తీసి, దంచి ఉడికించిన ఆ గింజల జిగురులో ఉన్న జైలోగ్లూకాన్ అనే పదార్థం గరుకు దారం చుట్టూ పొరలా ఆరి, మగ్గం మీద రాపిడికి పోగులు లేవకుండా కాపాడుతుంది. కొత్త గొంగడి నిలబెడితే నిలబడేంత బిర్రుగా ఉండడానికి కారణం ఈ గంజే. కొత్తదాన్ని వేడినీళ్లలో ముంచితే గంజి కరిగి బురద నీళ్లలా వస్తుంది, గొంగడి చతికిలబడుతుంది. గొర్రెలు కాసేవాళ్లు గొంగడిని ఇష్టం వచ్చినప్పుడల్లా ఉతకరు. ఎండలో పరిచి, కర్రతో దులిపి, తిరగేసి మళ్లీ పరుస్తారు. ఇప్పుడు ఆ గొర్రెలే తగ్గిపోతున్నాయి. మాంసం కోసం నెల్లూరు రకం పెంచితే లాభం. వాటి ఒంటిమీద ఉన్ని ఉండదు, పొట్టి వెంట్రుకే. కత్తిరింపు కూలి కూడా గిట్టని ఉన్ని కోసం నల్ల గొర్రెను ఎవరు మేపుతారు? పెట్టెలో ఉన్న గొంగడిని జాగ్రత్తగా చూసుకోవడానికి అదొక్కటే చాలినంత కారణం.

గొంగడి మీద నాలుగు నీటి చుక్కలు వేసి చూస్తే మరో విశేషం కనబడుతుంది. చుక్క ఇంకదు. తామరాకు మీద ఉన్నట్టు గుండ్రంగా నిలిచి, వంచితే జారిపోతుంది. పొలుసుల పైభాగాన కొవ్వు ఆమ్లపు పలచని పొర ఒకటి ఉంటుంది, అది నీటిని రానివ్వదు. నీటి ఆవిరిని మాత్రం ఆపదు. ఆవిరి పొలుసుల సందుల్లోంచి లోపలికి దూరి ప్రొటీన్‌ను పట్టుకుంటుంది. ఉన్ని తన బరువులో మూడో వంతు దాకా తేమను దాచుకోగలదు, చేతికి తడి తెలియనివ్వకుండానే. ఆవిరి అలా లోపల చేరినప్పుడు వేడి పుడుతుంది. 40 శాతం తేమ ఉన్న ఇంట్లోంచి 90 శాతం తేమ ఉన్న ముసురులోకి రెండు కిలోల గొంగడి కప్పుకుని వెళితే అది పావుకిలోకు పైగా ఆవిరిని పీలుస్తుంది. ఆ క్రమంలో విడుదలయ్యే వేడి సుమారు 700 కిలోజౌళ్లు. వంద వాట్ల బల్బు రెండు గంటలు వెలిగినంత. అదంతా ఒంటికి అందదు, కొంత బయటికే పోతుంది. అయినా చినుకుల్లో మంద వెనక నిలబడ్డవాడికి గొంగడి ఎందుకు వెచ్చగా అనిపిస్తుందో ఈ లెక్క చెబుతుంది.

ఇక తలంటు సంగతి. జుట్టుకు పనికొచ్చేదే గొంగడికీ పనికొస్తుంది గనక కుంకుడుకాయే మొదటి ఎంపిక. కాయలోని సపోనిన్ అణువుకు ఒక చివర జిడ్డంటే ఇష్టం, మరో చివర నీళ్లంటే ఇష్టం. మురికిని పట్టి నీళ్లలోకి లాగుతుంది. కుంకుడు రసం కొద్దిగా ఆమ్లం వైపు ఉంటుంది. ఉన్ని కోరుకునేదీ అదే. పీహెచ్ 5 దగ్గర కెరాటిన్ గొలుసులు అన్నిటికంటే నిబ్బరంగా ఉంటాయి. గింజలు తీసేసి, తొక్కలు రాత్రంతా నానబెట్టి, పిసికి, తప్పకుండా గుడ్డలో వడకట్టాలి. వడకట్టకపోతే ఆ తొక్కల నలకలు గొంగట్లో ఇరుక్కుంటాయి. సామెతలోవాడు వెంట్రుకలే ఏరాడు, ఇక్కడ తొక్కలు ఏరుకోవాల్సి వస్తుంది.

నీళ్లూ లెక్కలోకి వస్తాయి. అల్వాల్ వైపు రాతినేలలో పడ్డ బోర్ల నీళ్లు చాలాచోట్ల కఠిన జలాలే. కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా ఉన్న నీళ్లలో సబ్బు నురగ రాకుండా తెల్లటి తెట్టె కడుతుంది. తెల్ల లుంగీ మీద అది కనబడదు, నల్ల గొంగడి మీద సున్నం చల్లినట్టు కనబడుతుంది. ఎల్లంపల్లి దగ్గర ఎత్తిపోసి మేడ్చల్ వైపు ఘనపూర్ రిజర్వాయర్ మీదుగా 2015 చివరినుంచి నగరానికి పంపుతున్న గోదావరి నీళ్లు నల్లాలో వచ్చే రోజు ఈ పనికి మేలు. లేదంటే డాబా మీద పట్టిన వాన నీళ్లు.

తొట్టిలో చేతికి గోరువెచ్చగా కూడా అనిపించని నీళ్లు, అందులో కుంకుడు రసం. గొంగడిని మడతల్లోనే ముంచి, అరచేతులతో అదిమి వదలాలి, అదిమి వదలాలి. రుద్దకూడదు, మెలిపెట్టకూడదు, బండకు కొట్టకూడదు. పిల్లలకు తొక్కే సరదా ఉంటే వాళ్లను దూరంగా పెట్టాలి. పావుగంట చాలు. జాడించే నీళ్లూ అంతే వేడిలో ఉండాలి. చివరి నీళ్లలో ఒక చెంచా వెనిగర్ కలిపితే అంతకుముందు ఎప్పుడో సబ్బు వదిలిన క్షారం కాస్త మిగిలి ఉన్నా విరుగుతుంది. కుంకుళ్లు దొరకనిచోట ఉన్నికని అమ్మే ద్రవ డిటర్జెంటో, తలకు వాడే షాంపూయో ఫరవాలేదు. మామూలు వాషింగ్ పౌడర్ వద్దు. మరకలు తినేందుకని అందులో కలిపే ప్రొటియేజ్ ఎంజైములకు రక్తపు మరక, గుడ్డు మరక, కంబళి అన్నీ ఒకటే. ప్రొటీన్ కనబడితే కొరుకుతాయి. ఇక బ్లీచ్ ఉన్నిని ఏకంగా కరిగిస్తుంది.

మెషిన్‌లో వేయొచ్చా అంటే, లేబుల్ మీద అలా రాసి ఉంటేనే. అలాంటి ఉన్నికి మిల్లులోనే క్లోరిన్‌తో పొలుసుల అంచులు అరగదీసి, పైన సన్నటి రెజిన్ పూత వేసి ఉంటారు. మగ్గం మీద నేసిన గొంగడికి లేబులూ ఉండదు, పూతా ఉండదు. ఉతుకు చేత్తో పూర్తిచేసి, నీళ్లు తీసేయడానికి మాత్రం మెషిన్‌లో నెమ్మదిగా తిరిగే స్పిన్ వాడుకోవడం తెలివైన పని. ఎందుకో లెక్క వేస్తే తెలుస్తుంది. రెండు కిలోల గొంగడిని చేత్తో అదిమి పిండినా ఇంకా రెండు లీటర్ల నీళ్లు ఉంటాయనుకుంటే, ఆ నీళ్లు ఆవిరవడానికి దాదాపు 4,900 కిలోజౌళ్ల వేడి కావాలి. కరెంటు లెక్కలో 1.36 యూనిట్లు, రెండు కిలోవాట్ల గీజరు 40 నిమిషాలు నడిచినంత. ఎండా గాలీ ఆ వేడిని ఉచితంగానే ఇస్తాయి, కాకపోతే తీరిగ్గా. నీటిని ఆవిరి చేసి పంపడం కంటే విసిరి పంపడం ఎన్నో రెట్లు చవక. స్పిన్ లేని ఇంట్లో పొడి తువ్వాళ్ల మధ్య గొంగడిని చాపలా చుట్టి, దానిమీద మోకాళ్లతో ఒత్తినా చాలా నీళ్లు వస్తాయి.

ఆరేయడం దగ్గరే చాలామంది తప్పు చేస్తారు. బరువెక్కిన కంబళిని తీగమీద ఒక అంచుకు క్లిప్పులు పెట్టి వేలాడదీస్తారు. సాయంత్రానికి అది ఒకవైపు జారి, మూలలు లాగి, చతురస్రం కాస్తా ఇంకేదో ఆకారమవుతుంది. తడిసిన ఉన్నిలో గొలుసుల మధ్య చిన్న చిన్న హైడ్రోజన్ బంధాలు వదులవుతాయి. అప్పుడు పోగు తన పొడవులో సగం దాకా సాగినా తెగదు. సాగినచోటే ఆరితే ఆ ఆకారంలోనే నిలిచిపోతుంది. తడిజుట్టును జడ వేసి మర్నాడు విప్పితే వచ్చే అలలు కూడా ఇవే.

ఈ సాగుడు వెనకాల జీవశాస్త్రంలోని పెద్ద కథే ఉంది. 1930ల మొదట్లో ఇంగ్లండులోని లీడ్స్ విశ్వవిద్యాలయంలో విలియం ఆస్ట్‌బరీ ఉన్ని పోగులకూ వెంట్రుకలకూ ఎక్స్-రే చిత్రాలు తీశాడు. మామూలు పోగు ఒకరకం చిత్రం ఇచ్చింది, తడిపి సాగదీసిన పోగు పూర్తిగా వేరే చిత్రం ఇచ్చింది. మొదటిదాన్ని ఆల్ఫా అనీ రెండోదాన్ని బీటా అనీ పిలిచాడు. ప్రొటీన్ గొలుసు చుట్టలు చుట్టుకుని ఉండి, లాగితే విప్పుకుంటోందని ఆయన ఊహ. 1951లో లైనస్ పౌలింగ్ బృందం ఆ చుట్ట ఆకారాన్ని కచ్చితంగా తేల్చింది. ఈనాడు పాఠ్యపుస్తకాల్లో ఉన్న ఆల్ఫా హెలిక్స్ అదే. ఆస్ట్‌బరీ ఉన్న లీడ్స్‌లోనే, ఉన్ని పరిశోధన సంస్థలో ఆర్చర్ మార్టిన్, రిచర్డ్ సింజ్ ఉన్నిలో ఏయే అమినో ఆమ్లాలు ఉన్నాయో విడదీసే ప్రయత్నంలో కొత్తరకం క్రొమాటోగ్రఫీ కనిపెట్టి 1952లో నోబెల్ అందుకున్నారు. అన్నట్టు, ఆస్ట్‌బరీ పల్లీల ప్రొటీన్‌తో తీసిన దారంతో ఓవర్‌కోటు కుట్టించుకుని తిరిగాడు కూడా. కోటు బాగానే ఉంది కానీ పల్లీల దారం వ్యాపారంలో నిలవలేదు.

తడి గొంగడికి కావలసింది కింద ఆసరా, రెండు వైపులా గాలి. ఈ రెండూ ఇచ్చే వస్తువు పాత ఇళ్లలో ఇంకా ఉంది: నులక మంచం. డాబా మీద మంచం వేసి, గొంగడిని చేత్తో సర్ది నాలుగు మూలలూ చదరంగా పరిస్తే, నులక సందుల్లోంచి కిందినుంచి కూడా గాలి ఆడుతుంది. మధ్యలో రెండుసార్లు తిరగేస్తే చాలు. మంచం లేని అపార్ట్‌మెంటులో పక్కపక్కన ఉన్న మూడు నాలుగు తీగల మీద అడ్డంగా పరిచి బరువు పంచాలి. నడినెత్తి ఎండ కంటే పందిరి నీడలో గాలి మేలు. అతినీలలోహిత కిరణాలు గంధకపు బంధాలను తెంపుతాయి, నలుపు రంగునిచ్చే మెలనిన్‌ను కూడా మాడుస్తాయి. మేతకు తిరిగే నల్ల గొర్రె బొచ్చు కొసలు ఎర్రబారి ఉండడం చూసినవాళ్లకు ఇది కొత్త కాదు.

ఎప్పుడు ఉతకాలి అన్నదానికి శివరాత్రే జవాబు. చలి శివశివా అంటూ పోయే ఆ రోజులకూ ఉగాదికీ మధ్య హైదరాబాద్ మధ్యాహ్నాలు పొడిగా ఉంటాయి. ఏప్రిల్‌కల్లా గాలిలో తేమ 30 శాతం దగ్గరికి పడిపోతుంది. ఆ గాలిలో రెండు కిలోల ఉన్ని తనలో 170, 180 గ్రాముల నీటిని మాత్రమే ఉంచుకుంటుంది. అదే గొంగడి జులైలో, తేమ 85 శాతం ఉన్న ముసురులో, నాలుగు రోజులు ఆరినా 400 గ్రాములకు పైనే పట్టుకుని ఉంటుంది. అది ఆరలేదని కాదు. ఆ గాలికి అదే ఆరుదల. పావుకిలో దాకా అదనపు నీటితో పెట్టెలోకి వెళ్లిన కంబళికి బూజు వాసన రావడంలో వింత లేదు. చేతిని నమ్ముకోకుండా, ఉతకడానికి ముందు ఎండ రోజున ఒకసారి, ఆరాక మళ్లీ ఒకసారి గ్యాస్ సిలిండరు తూచే కొక్కెం త్రాసుకు తగిలిస్తే సరి. మొదటి తూకానికి వచ్చేదాకా మడత పెట్టకూడదు.

మడత పెట్టాక మిగిలే శత్రువు బట్టల చిమ్మట. రెక్కల పురుగు ఏమీ తినదు. తినేది దాని పిల్లపురుగు. కెరాటిన్‌ను అరిగించుకోగల ప్రాణులు లోకంలో చాలా తక్కువ, అది వాటిలో ఒకటి. శుభ్రమైన ఉన్ని కంటే చెమట, తిండి మరకలు అంటిన ఉన్నే దానికి ఇష్టం, ఎందుకంటే ఒట్టి కెరాటిన్‌లో దానికి కావలసిన విటమిన్లు, లవణాలు దొరకవు. అందుకే చలికాలమంతా కప్పుకున్న కంబళిని ఉతక్కుండా పెట్టెలో పడేసి నాలుగు వేపాకులు వేస్తే లాభం తక్కువ. కలరా ఉండలు పనిచేస్తాయి కానీ మూత బిగుతుగా ఉంటేనే, ఆ వాసన పిల్లలున్న ఇంటికి మంచిది కాదు. ఉతికి, పూర్తిగా ఆరబెట్టి, మందపాటి ప్లాస్టిక్ సంచిలో గాలి చొరకుండా కట్టడం వీటన్నిటికంటే నయం. ముందే పురుగు పట్టిన చిన్న కంబళి అయితే అదే సంచితో డీప్ ఫ్రీజర్‌లో మైనస్ 18 డిగ్రీల దగ్గర వారం పది రోజులు ఉంచితే గుడ్లతో సహా పురుగు చస్తుంది. గొంగడి అందులో పట్టదు. దానికి మే నెల డాబా ఉంది: ఆరబెట్టేటప్పుడు వద్దన్న ఎండలోనే కాసేపు పరిచి, బాగా వేడెక్కాక కర్రతో దులిపి, తిరగేసి మళ్లీ పరిస్తే వెలుతురు గిట్టని పిల్లపురుగులు పోగుల్లోంచి రాలిపోతాయి.